యుద్ధకాలపు రైఫిల్‌ను చెడగొట్టకుండా సేకరించడం, దాచడం ఎలా

పాత సైనిక రైఫిల్ దొరికితే చాలామందికి చేయి ఊరుకోదు. ఇక్కడ కాస్త తుప్పు గీకుదాం, అక్కడ కర్రకు కాస్త మెరుపు తెద్దాం అనిపిస్తుంది. ఒక సాయంత్రం కూర్చుని రుద్దితే నిజంగానే మెరుస్తుంది కూడా. మర్నాడు దాన్ని తెలిసినవాళ్లకు చూపిస్తే వాళ్ల ముఖం వాడిపోతుంది. 1942లో తనిఖీదారు కర్ర మీద కొట్టిన ముద్ర, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కదిలే ఉక్కు భాగం) పిడి దగ్గర చేతులు తగిలి తగిలి నలుపు పోయి బయటపడ్డ ఉక్కు, కందకంలో ఎవరో చాకుతో చెక్కుకున్న రెండక్షరాలు ఒకసారి పోతే మళ్లీ తెచ్చిపెట్టేవాడు లేడు. అందుకే కింద చెప్పే పనుల్లో సగం "ఇది ముట్టుకోకండి" అనేవే.

1. ముందు చట్టం సంగతి తేల్చుకోండి

పేల్చగలిగే స్థితిలో ఉన్న రైఫిల్ ఎంత పాతదైనా చాలా దేశాల్లో ఆయుధమే. లైసెన్సు కావాలి, దాచే చోటికి నిబంధనలు ఉంటాయి, చేతులు మారితే కాగితం ఉండాలి. "ఇది పాతది కదా, ఏం కాదులే" అన్న అమ్మకందారు మాట నమ్మకండి. అమెరికా ఫెడరల్ చట్టం 1898, అంతకుముందు తయారైనవాటిని పురాతన వస్తువుల కింద చూస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో వాడిన రైఫిళ్లు దాదాపు అన్నీ ఆ గీతకు ఇవతలివే. కొన్ని దేశాల్లో మళ్లీ పేలకుండా లోపల కోసి, వెల్డింగ్ చేసినవాటిని మాత్రమే సామాన్యులు ఉంచుకోవచ్చు. అలాంటిది కొంటే దాని ధ్రువపత్రం రైఫిల్‌తో సమానం. పత్రం పోగొట్టుకుంటే మీ చేతిలో మిగిలేది చిక్కుముడే. మీరున్న చోట నియమం ఏమిటో లైసెన్సులిచ్చే అధికారులనే అడగండి, ఆ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

2. ఒక్క కుటుంబాన్ని పట్టుకోండి

కనిపించినదల్లా కొనేవాళ్ల గోడ నిండుతుంది గానీ చూపు పదునెక్కదు. బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్, సోవియట్ మోసిన్-నగాంట్, జర్మన్ కార్ 98కె, అమెరికన్ ఎం1 గరాండ్, జపాన్ అరిసాకా: వీటిలో ఒకదాన్ని ఎంచుకుని ఏడాదిపాటు దాని గురించే చదవండి. వీలైనన్ని చూడండి. కొనకపోయినా పర్వాలేదు.

నన్నడిగితే కొత్తవాళ్లకు లీ-ఎన్‌ఫీల్డ్ మంచి గురువు. 1907లో వచ్చిన నం.1 మార్క్ 3, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో ఖర్చు, సమయం తగ్గించడానికి కొన్ని భాగాలు తీసేసిన మార్క్ 3 స్టార్, రెండో యుద్ధంలో నం.4. యుద్ధం ముదిరేకొద్దీ తయారీ ఎలా సులువవుతూ వచ్చిందో ఆ వరసలోనే కళ్లకు కడుతుంది. నం.4 రైఫిళ్లు కెనడాలోని లాంగ్ బ్రాంచ్‌లోనూ అమెరికాలోని సావేజ్ కంపెనీలోనూ కూడా తయారయ్యాయి. సావేజ్ వాటి మీద "యు.ఎస్. ప్రాపర్టీ" అని ఉంటుంది. బ్రిటిష్ రైఫిల్ మీద ఆ మాట చూసి నకిలీ అనుకుని వదిలేసినవాళ్లు ఉన్నారు.

3. కొనేముందు రైఫిల్‌ను చదవండి

తొందరపడకూడని చోటు ఇదే. "ఒరిజినల్" అన్న మాటను అమ్మేవాళ్లు చాలా ఉదారంగా వాడతారు. మీరు మాత్రం మూడు రకాలుగా విడదీసి చూడండి: కర్మాగారం నుంచి వచ్చినట్టే ఉన్నది, యుద్ధంలో వాడి అలాగే వదిలేసినది, యుద్ధం తర్వాత ఆయుధాగారంలో విప్పి బాగుచేసి మళ్లీ కూర్చినది. మూడోది తక్కువదేమీ కాదు, దానికీ తన చరిత్ర ఉంది. దాన్ని మొదటిదానిగా చెప్పి అంటగట్టడమే మోసం.

కార్ 98కె తీసుకోండి. రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు చట్రం) పైభాగంలో తయారీదారు కోడ్, సంవత్సరం ఉంటాయి. "బీవైఎఫ్ 43" అంటే ఓబెర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ కర్మాగారం, 1943. సీరియల్ నంబర్ రిసీవర్ మీద పూర్తిగా ఉంటుంది. చిన్న భాగాల మీద, చివరికి కొన్ని మరల తలల మీద కూడా, దాని చివరి రెండంకెలు కొట్టి ఉంటాయి. అన్నీ ఒకటే అయితే దాన్నే అందరూ "మ్యాచింగ్" అంటారు. సోవియట్ సైన్యం లక్షల కొద్దీ ఈ రైఫిళ్లను పట్టుకుని, విప్పి, శుభ్రం చేసి, కలిపేసి దాచింది. అలాంటిదాని బోల్ట్ సాధారణంగా నల్లగా ఉంటుంది, అసలైతే అది తెల్లటి ఉక్కు రంగులో మెరవాలి. బోల్ట్ మీద నంబర్‌ను కరెంటు పెన్సిల్‌తో గీకి, రైఫిల్ నంబర్‌తో బలవంతంగా కలిపి ఉంటారు. కర్ర మీద లక్క పూత మందంగా, ఎర్రగా నిగనిగలాడుతుంది. రిసీవర్ పక్కన ఎక్స్ ఆకారపు గుర్తు ఉండవచ్చు. ఇవన్నీ కనబడుతున్నా ఎవరైనా "మా తాతగారు యుద్ధభూమిలో ఏరుకొచ్చారు" అంటే నవ్వి ఊరుకోండి.

మోసిన్ మీద త్రిభుజంలో బాణం ఉంటే ఇజెవ్‌స్క్, నక్షత్రంలో బాణం ఉంటే తూలా. చతురస్రంలో ఏటవాలు గీత కనబడితే యుద్ధానంతరం బాగుచేసినదని గుర్తు. గరాండ్ అయితే బోల్ట్ వెనక్కి లాగి చూడండి. యుద్ధకాలంలో స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారం చేసిన బ్యారెల్ (గొట్టం) కుడిపక్కన నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. రిసీవర్ నంబర్ 1943 నాటిదై, బ్యారెల్ 1950ల నాటిదైతే అది రీబిల్డ్, అంటే పైన చెప్పిన మూడో రకం. లీ-ఎన్‌ఫీల్డ్ ఎడమపక్కన "ఎఫ్‌టీఆర్" అని చెక్కి ఉంటే కర్మాగారంలో పూర్తి మరమ్మతు జరిగిందని అర్థం, పక్కనే తేదీ కూడా ఉంటుంది.

అరిసాకా టైప్ 99 పేరులోని 99 జపాన్ సామ్రాజ్య సంవత్సరం 2599 నుంచి వచ్చింది, అంటే 1939. రిసీవర్ మీద పదహారు రేకుల చామంతి పువ్వు ఉండాలి. లొంగుబాటు తర్వాత చాలా రైఫిళ్ల మీద దాన్ని అరగదీసేశారు. పువ్వు చెక్కుచెదరకుండా ఉంటే విలువెక్కువ, దాంతో అరిగిన చోట కొత్తగా పువ్వు చెక్కేవాళ్లూ పుట్టారు. చుట్టూ ఉన్న లోహం కాస్త పల్లంగా ఉందేమో వేలితో తడిమి చూడండి. అరిసాకా పిర్ర కర్రలో (భుజానికి ఆనించే వెనక కర్రలో) పొడవునా అతుకు కనిపిస్తే విరిగిందనుకోకండి. రెండు ముక్కలు కలిపి చేయడం వాళ్ల తయారీ పద్ధతే.

కర్ర అబద్ధం చెప్పదు. చీకటి గదిలో టార్చిని కర్రకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకోండి. ముద్రల అంచులు పదునుగా, లోతుగా కనబడితే సరే. కరిగిన సబ్బు మీది అక్షరాల్లా మెత్తబడి ఉంటే ఎవరో ఉప్పు కాగితంతో రుద్దారు. ఇంకో పరీక్ష: పిర్ర కర్ర వెనక చివరన ఉండే ఇనుప పలక అంచు మీదుగా గోరు జరపండి. తయారైనప్పుడు కర్ర, ఇనుము ఒకే మట్టంలో ఉంటాయి, లేదా కర్రే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. గోరుకు ఇనుము అంచు తగులుకుంటే కర్ర అరిగిపోయిందన్నమాట. తర్వాత బ్యారెల్‌నూ కర్రనూ కలిపి పట్టే ఇనుప బ్యాండ్‌ను కాస్త జరిపి దాని కింద కర్ర చూడండి. సంచిలో పట్టడం కోసం సైనికులు కర్రను సరిగ్గా అక్కడ కోసేసి, ఇంటికెళ్లాక అతికించుకునేవారు. ఈ కోత చూసి చాలామంది ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం అది ఇష్టమే, ఎవరో నిజంగా మోసుకొచ్చారనడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది?

కథ చెప్పి ధర పెంచితే ఆ కథకు కాగితం అడగండి. సైనికుడి పేరు, రైఫిల్ సీరియల్ నంబర్ రెండూ ఉన్న అనుమతి పత్రం వేరు, నోటిమాట వేరు.

4. ఇంటికి తెచ్చిన రోజు

ముందు అది ఖాళీగా ఉందో లేదో చూడాలి. అమ్మినవాడు చూశాడు, మీరూ అక్కడ చూశారు, అయినా మళ్లీ చూడండి. మూతిని మనుషులు లేని దిక్కుకు పట్టి, ట్రిగ్గర్ దగ్గరికి వేలు పోనివ్వకుండా బోల్ట్ తెరవండి. మ్యాగజైన్ (తూటాల అర) ఖాళీ చేయండి. చాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటికి) కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా తడమండి, తుప్పు, చీకటి కలిస్తే కన్ను మోసపోతుంది. బోల్ట్ బిగుసుకుపోయి రాకపోతే సుత్తి జోలికి వెళ్లకండి. లోపల తూటా ఉండొచ్చు. అక్కడితో ఆపి లైసెన్సున్న గన్‌స్మిత్‌ను పిలవండి.

తర్వాత ఫొటోలు. తుడవకముందే, దుమ్ముతో సహా. ప్రతి ముద్ర, ప్రతి నంబర్, ప్రతి మర తల. ఆరేళ్ల తర్వాత "ఈ గీత నేను కొన్నప్పుడే ఉందా?" అన్న అనుమానం తప్పకుండా వస్తుంది.

పేల్చాలనుకుంటే నా సలహా: వద్దు. చట్టం ఒప్పుకున్నా సరే, గన్‌స్మిత్ హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆనే చోటికీ మధ్య దూరం) కొలిచి చెప్పేదాకా వద్దు. అరిసాకా పేరుతో తిరిగే వాటిలో కొన్ని అసలు కవాతు శిక్షణ కోసం నాసిరకం ఇనుముతో పోత పోసినవి, నిజమైన తూటాను అవి తట్టుకోలేవు. పాత సైనిక తూటాల ప్రైమర్‌లో (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే మందులో) పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక బ్యారెల్‌లో మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే ఉప్పులాంటిదే. గాలిలో తేమను పీల్చి ఒకట్రెండు రోజుల్లో తుప్పు రేపుతుంది. ఇది నూనెకు కరగదు, నీటికి కరుగుతుంది. అందుకే ఆ రోజుల్లో సైనికులు బ్యారెల్‌లో వేడినీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పెట్టేవాళ్లు.

5. విప్పడం

విప్పకుండా పని జరిగితే విప్పకండి. విప్పక తప్పకపోతే మర గాడికి అచ్చంగా సరిపోయే స్క్రూడ్రైవర్ కావాలి. మామూలు వాటి కొన సన్నబడుతూ వెళ్తుంది కాబట్టి గాడిలోంచి జారి మర తలను చీరేస్తుంది. కొన రెండు పక్కలా సమాంతరంగా ఉండేది వాడండి, ఇరుకైతే అరగదీయండి. అరగదీయాల్సింది స్క్రూడ్రైవర్‌ను, మరను కాదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. నా మొదటి నం.1 లీ-ఎన్‌ఫీల్డ్ పిర్ర కర్ర కాస్త కదులుతోందని వెనక నుంచి పొడవాటి స్క్రూడ్రైవర్ దూర్చి లోపలి బోల్టును తిప్పాను. మొదట బిగువుగా ఉంది, బలం పెట్టాను. "టప్" మని చిన్న చప్పుడు. ఆ బోల్టు ముందు కొన చదరంగా ఉంటుందనీ, అది ముందు కర్ర వెనక భాగంలోని గాడిలో కూర్చుంటుందనీ నాకప్పుడు తెలియదు. ముందు కర్ర తీయకుండా బోల్టు తిప్పితే ఆ చదరపు కొన గాడిలో తిరిగి కర్రను లోపలి నుంచి చీల్చేస్తుంది. చీలింది. వరస ఇది: ముందు కర్ర మొదట, పిర్ర కర్ర తర్వాత, బిగించేటప్పుడు దీనికి తలకిందులు. ఒక్కో రైఫిల్‌కు ఇలాంటి ఉచ్చు ఒకటైనా ఉంటుంది, ఆ మోడల్ మాన్యువల్ దొరికేదాకా ఆగండి.

6. లోహం

గిడ్డంగుల నుంచి వచ్చిన రైఫిళ్లకు కాస్మోలిన్ అనే జిడ్డు పట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి గట్టిపడి గోధుమరంగు మైనంలా అవుతుంది. విడి లోహ భాగాలను వైట్ స్పిరిట్‌తో (పెయింట్ పల్చబరిచే ద్రావకంతో) తుడిస్తే పోతుంది. గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా చేయండి. కర్రలోకి ఇంకిన జిడ్డుకు ద్రావకం వద్దు. పీల్చే కాగితం చుట్టి నల్ల సంచిలో పెట్టి గోరువెచ్చటి చోట ఉంచితే మెల్లగా చెమటలా బయటికొస్తుంది, కాగితం మారుస్తూ ఉండండి. ఓవెన్లలో, గిన్నెలు కడిగే యంత్రాల్లో పెట్టేవాళ్లూ ఉన్నారు. పగిలిన కర్రల్లో సగం అలా పగిలినవే అయినా నాకు ఆశ్చర్యం లేదు.

తుప్పులో రెండు రకాలు. ముదురు గోధుమ, నలుపు రంగులో గట్టిగా అంటుకుని, వేలికి పొడి రాలనిది చాలాకాలంగా స్థిరపడిన పొర. దాన్ని వదిలేయండి. నారింజ రంగులో పొడి రాలేది మాత్రం ఇంకా తింటూనే ఉంది, దాన్ని ఆపాలి. పల్చటి నూనె వేసి ఒక రోజు ఉంచండి. తర్వాత చెక్క పుల్లతోనో, ఇత్తడి ముక్కతోనో, కంచు పీచుతోనో మెల్లగా గీకండి. ఇత్తడి, కంచు ఉక్కు కన్నా మెత్తన, తుప్పును తీస్తాయి గానీ కింద మిగిలిన నలుపును తక్కువగా తాకుతాయి. ఉక్కు పీచు, ఎమరీ, తుప్పు తీసే ఆమ్లాలు జోలికి పోకండి, ఆమ్లం తుప్పుతో పాటు పాత బ్లూయింగ్‌నూ (ఉక్కు మీది నలుపు పొరనూ) తినేస్తుంది.

పూర్తిగా విప్పగలిగిన చిన్న ఉక్కు భాగం ఎర్రబారి ఉంటే, దాన్ని మరిగే శుద్ధజలంలో ఇరవై నిమిషాలు ఉంచితే ఎర్ర తుప్పు నల్ల ఆక్సైడ్‌గా మారుతుంది. పాతకాలపు రస్ట్ బ్లూయింగ్ వెనక ఉన్న రసాయనమూ ఇదే. బాగా పనిచేస్తుంది, అయినా ముందు పనికిరాని ముక్క మీద చేసి చూడండి.

చివరగా పల్చగా నూనె, లేదా మైక్రోక్రిస్టలైన్ మైనం. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో పుట్టిన రెనెసాన్స్ వ్యాక్స్‌ను చాలా మ్యూజియాలు వాడతాయి. బఠాణీ గింజంత తీసుకుంటే రైఫిల్ మొత్తానికి సరిపోతుంది. ఆ తర్వాత నైట్రైల్ చేతితొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. వేలిముద్రలోని ఉప్పు కొన్ని వారాల్లో ఉక్కు మీద అచ్చుగా తేలుతుంది. ఎవరి వేలో కూడా చెప్పొచ్చు.

జర్మన్ రైఫిల్ మీద గద్ద, స్వస్తిక ముద్రలు చూసి చెరిపేద్దామనిపించవచ్చు. చెరపకండి. కొన్ని దేశాల్లో వాటిని బహిరంగంగా ప్రదర్శించడం నేరం కాబట్టి బీరువాలో ఉంచండి, అంతే.

7. కర్ర

ఏ పూత ఉందో తెలియకుండా ఏదీ రాయకండి. బ్రిటిష్ రైఫిళ్లకు పచ్చి అవిసె నూనె పట్టించేవారు. సోవియట్ కర్రల మీద లక్క, దానికి ఆల్కహాల్ తగిలిందా, జిగటగా కరిగిపోతుంది. జపాన్ కర్రల మీద ఉరుషి చెట్టు పాలతో చేసిన లక్కర్, పగుళ్లు వారి పెచ్చులూడుతూ ఉంటుంది. దాని మీద నూనె, మైనం ఏదీ వద్దు, మెత్తటి కుంచెతో దుమ్ము దులపడమే.

మురికి పట్టిన బ్రిటిష్ కర్ర అయితే కాస్త తడి గుడ్డతో తుడిచి, రెండు రోజులు ఆరనిచ్చి, పచ్చి అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని వేడెక్కేదాకా రుద్దండి. మిగిలింది పొడి గుడ్డతో తుడిచేయండి. నూనె తడిసిన ఆ గుడ్డను ఉండచుట్టి బుట్టలో పడేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి పోయే దారిలేక దానంతటదే అంటుకుంటుంది. విప్పి పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచండి.

8. దాచడం

ఇనుముకు పొడి గాలి కావాలి, కర్రకు కాస్త తేమ కావాలి. ఇద్దరికీ కుదిరే రాజీ 45 నుంచి 50 శాతం సాపేక్ష ఆర్ద్రత. అంకె కన్నా నిలకడ ముఖ్యం. పొద్దున 35, రాత్రి 65 అయితే కర్ర సాగి, ముడుచుకుని చీలుతుంది. బీరువాలో చిన్న ఆర్ద్రత మీటరు పెట్టండి. సిలికా జెల్ రంగు మారగానే 120 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

స్పాంజి పరిచిన పెట్టెలు ప్రయాణానికే. తేమను పట్టుకుని రైఫిల్‌కు ఆనిస్తాయి. ఏళ్లు గడిస్తే స్పాంజి జిగురై లోహానికి అంటుకుంటుంది. తోలు పట్టీని రైఫిల్‌కు తగిలించి ఉంచొద్దు. తోలులోని ఆమ్లం ఉక్కును తింటుంది, ఇత్తడి బకిల్ దగ్గర పచ్చటి చిలుము పడుతుంది. పట్టీని పక్కనే, మడవకుండా పరిచి పెట్టండి. స్ప్రింగ్ మీద ఒత్తిడి లేకుండా స్ట్రైకర్‌ను (తూటాను పొడిచి పేల్చే సూదిని) దించి ఉంచండి. నూనె పెట్టిన కొత్తలో రైఫిల్‌ను కొన్నాళ్లు మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. మామూలుగా నిలబెడితే నూనె బోల్ట్ దగ్గర నుంచి కర్ర మెడలోకి జారి ఏళ్ల మీద దాన్ని నల్లగా, మెత్తగా చేస్తుంది. బలహీనమైన చోటు అసలే అది. నెలకోసారి తీసి చూడండి, తేమ నెలల్లో పదిహేను రోజులకోసారి.

బోల్ట్‌లు విడిగా తాళం వేసి దాచేవాళ్లు, చట్టం కోరినా కోరకపోయినా, ప్రతిదానికీ చీటీ కట్టండి: రైఫిల్ సీరియల్ నంబర్, మోడల్, కొన్న తేదీ. చూడటానికి ఒకేలా ఉండే మూడు బోల్ట్‌లు ఒక సొరుగులో కలిసిపోతే మూడు మ్యాచింగ్ రైఫిళ్లు ఒక్క పూటలో మిస్‌మ్యాచ్ అవుతాయి, మీరు లేనప్పుడు ఇంట్లోవాళ్లకు అసలే తెలియదు. చీటీని నూలు దారంతో కట్టండి. రబ్బరు బ్యాండ్ వద్దు, అందులోని గంధకం ఉక్కు మీద నల్లటి ఉంగరం గీస్తుంది.